పాఠం 9: ఆగని ఊపిరి, కదలని చిత్రం – పిల్లల గుండె ఎం.ఆర్.ఐ. చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– శ్వాస కదలిక వల్ల గుండె ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో దోషాలు ఎందుకు వస్తాయో వివరించగలుగుతారు.
– ఈ సమస్య పెద్దల్లో కంటే పిల్లల్లో ఎందుకు జటిలమో చెప్పగలుగుతారు.
– 1946 నుంచి 2019 వరకు ఈ రంగంలో వచ్చిన ముఖ్యమైన మార్పులను కాలక్రమంలో గుర్తించగలుగుతారు.
– సాంకేతిక చరిత్రను 'ఒకదాని తర్వాత ఒకటిగా సాగిన ప్రగతి'గా మాత్రమే చూడటంలో ఉన్న లోపాన్ని విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని నెలల పసిబిడ్డ నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఆ బిడ్డ పొట్ట ఒక నిమిషంలో ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టండి. తర్వాత మీ శ్వాసను కూడా అలాగే లెక్కించండి. మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు శ్వాసిస్తుంది. గుండె సంగతీ ఇంతే. పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకొనే గుండె, పసిబిడ్డలో 120 నుంచి 160 సార్లు కొట్టుకొంటుంది. పైగా ఆ గుండె పరిమాణం ఆ బిడ్డ పిడికిలంతే. దాని గోడల మందం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే.

ఇప్పుడు ఆ గుండెకు పుట్టుకతోనే ఏదో లోపం ఉందనుకోండి. శస్త్రచికిత్స చేయాలా, చేస్తే ఎప్పుడు చేయాలి అని వైద్యులు నిర్ణయించాలి. అందుకు గుండె గదుల పరిమాణం, రక్తప్రవాహం తెలియాలి. ఎక్స్ కిరణాలు వాడకుండా, కత్తి పెట్టకుండా వాటిని కొలవగల సాధనాల్లో అయస్కాంత అనునాద చిత్రణ, అంటే ఎం.ఆర్.ఐ., ప్రధానమైనది. కానీ ఆ యంత్రం తనలో పడుకొన్నవారి నుంచి కోరేది ఒక్కటే: కదలవద్దు. పసిబిడ్డ తీర్చలేని కోరిక కూడా అదే.

ఈ పాఠం ఆ పేచీ చరిత్ర. యంత్రానికి అనుగుణంగా బిడ్డను నిశ్చలంగా ఉంచాలా, బిడ్డకు అనుగుణంగా యంత్రాన్ని మార్చాలా అనే ప్రశ్న చుట్టూ దాదాపు 40 ఏళ్లు జరిగిన పని ఇది. భౌతికశాస్త్రం చదవనివారు కూడా అనుసరించగలిగేలా రాశాను. సాంకేతిక పదం వచ్చినచోట ఆగి, అర్థం చేసుకొని ముందుకు వెళ్లండి.

9.2 కదలని వస్తువుల కోసం పుట్టిన విద్య (1946–1980)

కేంద్రక అయస్కాంత అనునాదాన్ని 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. ఇద్దరికీ 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. సూత్రం స్థూలంగా ఇది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన హైడ్రోజన్ కేంద్రకాలు ఒక నిర్దిష్ట పౌనఃపున్యం ఉన్న రేడియో తరంగానికి స్పందిస్తాయి. ఆ తరంగాన్ని ఆపగానే అవి తిరిగి బలహీనమైన సంకేతాన్ని వెలువరిస్తాయి. మన శరీరంలో నీరు, కొవ్వు ఎక్కువ కాబట్టి హైడ్రోజన్‌కు కొరత లేదు.

మొదటి పాతికేళ్లూ ఇది రసాయన, భౌతిక శాస్త్రవేత్తల ప్రయోగశాల విద్య. పరీక్షనాళికలో ఉన్న పదార్థం కదలదు కాబట్టి కదలిక గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించిన కొద్దిమందిలో ఒకరు మన దేశంవారే. 1951లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ ప్రవహిస్తున్న ద్రవాల్లో అనునాద సంకేతం ఎలా మారుతుందో పరిశీలించి ప్రచురించారు. కదలిక సంకేతాన్ని మారుస్తుందని, అంటే సంకేతాన్ని బట్టి కదలికను తెలుసుకోవచ్చని సూచించిన తొలి పరిశీలనల్లో అది ఒకటి. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. పాఠం చివర మళ్లీ ఇక్కడికే వస్తాం.

1973లో పాల్ లాటర్‌బర్ 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. అయస్కాంత క్షేత్రం బలాన్ని ఒక చివరి నుంచి మరో చివరికి క్రమంగా మార్చితే, ఒక్కో స్థానంలోని కేంద్రకాలు ఒక్కో పౌనఃపున్యంతో స్పందిస్తాయి. వీణ తీగను ఏ మెట్టుపై నొక్కితే ఆ స్వరం పలికినట్లుగా, ఇక్కడ స్వరాన్ని బట్టి స్థానాన్ని తెలుసుకోవచ్చు. ఆయన తీసిన తొలి చిత్రం నీళ్లున్న రెండు సన్నని గొట్టాలది. అదే దశకంలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ స్వతంత్రంగా ఈ దిశలోనే పనిచేశారు. వీరిద్దరికీ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి శరీరంపై ఈ విద్య ఎంత నెమ్మదిగా సాగిందో ఒక ఉదాహరణ చూడండి. 1977 జూలై 3న రేమండ్ డమాడియన్ తన సహచరుడి ఛాతీకి ఒక అడ్డుకోత చిత్రం తీశారు. ఆ ఒక్క చిత్రానికి దాదాపు 5 గంటలు పట్టింది. నిమిషానికి 70 స్పందనలు, 15 శ్వాసలు అనుకొని లెక్క వేస్తే, ఆ సమయంలో ఆయన గుండె సుమారు 20 వేల సార్లు కొట్టుకొని ఉంటుంది, ఛాతీ 4 వేలకు పైగా సార్లు ఎగసిపడి ఉంటుంది. అలాంటి చిత్రంలో కనిపించేది ఒక క్షణంలోని గుండె కాదు, 5 గంటల కదలికల సగటు.

9.3 ఒక శ్వాస చిత్రమంతా ఎలా పాకుతుంది?

1980లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ బృందం 'స్పిన్ వార్ప్' అనే పద్ధతిని ప్రకటించింది. ఇప్పటి ఆసుపత్రి యంత్రాల్లో అధికభాగం ఆ పద్ధతి వారసులే. కదలిక సమస్య అర్థం కావాలంటే ఈ పద్ధతిలోని ఒక ముఖ్యాంశం తెలియాలి.

చిత్రానికి రెండు దిశలుంటాయి. ఒక దిశలోని సమాచారాన్ని పౌనఃపున్యం ద్వారా, రెండో దిశలోని సమాచారాన్ని తరంగ దశ ద్వారా గుర్తిస్తారు. పౌనఃపున్య దిశలో ఒక వరస చదవడానికి సెకనులో వెయ్యో వంతులు కొన్ని చాలు. అంత తక్కువ సమయంలో ఛాతీ కదిలేది దాదాపు ఏమీ ఉండదు. దశ దిశలో మాత్రం అలాంటి వరసలు 128 గాని 256 గాని ఒకదాని తర్వాత ఒకటి సేకరించాలి. గుండె చిత్రమైతే, ఈ.సి.జి. చూసుకొంటూ ప్రతి స్పందనలోనూ ఒకే క్షణం దగ్గర ఒక్కో వరస తీసుకోవాలి. అప్పుడు 256 వరసలకు 256 స్పందనలు కావాలి.

లెక్క వేయండి. గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకొనే బిడ్డలో దీనికి 2 నిమిషాల పైన పడుతుంది. ఆ బిడ్డ నిమిషానికి 40 సార్లు శ్వాసిస్తే, ఒక చిత్రం పూర్తయ్యేలోగా సుమారు 85 శ్వాసలు తీసుకొంటుంది. ఈ.సి.జి. సాయంతో గుండె కొట్టుకోవడాన్ని లెక్కలోకి తీసుకొన్నాం. శ్వాసను తీసుకోలేదు. గుండె విభాజక పటలంపై, అంటే డయాఫ్రంపై, ఆని ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు పటలం కిందికి దిగుతుంది, దానితోపాటు గుండే కిందికి జారుతుంది. కాబట్టి ఒక్కో వరస సేకరించినప్పుడు గుండె ఒక్కో చోట ఉంటుంది.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటుంది. ఒక్కో వరస అంటే చిత్రంలోని ఒక్కో గీత అనుకొంటారు. అది నిజం కాదు. సేకరించే ప్రతి వరసలోనూ మొత్తం చిత్రానికి సంబంధించిన సమాచారం కలిసి ఉంటుంది. ఫూరియర్ గణితం ఆ వరసలన్నిటినీ కలిపి చిత్రంగా మారుస్తుంది. అందుకే ఒక్క శ్వాస చేసిన తప్పు ఒక మూలన ఆగదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఒక ముద్దకే పరిమితం కానట్లు, ఆ తప్పు దశ దిశలో చిత్రమంతా పాకుతుంది. శ్వాస క్రమబద్ధంగా ఉంటే ఛాతీ గోడకు ఒకే ఎడంలో నకలు బొమ్మలు ఏర్పడతాయి. వాటిని రేడియాలజీ విభాగాల్లో 'ఘోస్ట్'లని పిలుస్తారు. మనం నీడబొమ్మలు అనుకొందాం. శ్వాస క్రమం తప్పితే నీడబొమ్మలు విడివిడిగా కాక, చిత్రమంతా అలుక్కుపోయినట్లు కనిపిస్తుంది. చర్మం కింది కొవ్వు ఎక్కువ సంకేతాన్ని ఇస్తుంది కాబట్టి దాని నీడబొమ్మలే ప్రకాశవంతంగా వచ్చి గుండెపై పడతాయి. క్రమబద్ధమైన కదలికకూ నీడబొమ్మలకూ ఉన్న ఈ గణిత సంబంధాన్ని 1985లో వుడ్, హెంకెల్‌మన్ వివరించారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1: శ్వాస వల్ల కలిగే దోషం చిత్రంలో రెండు దిశల్లోనూ కాక దశ దిశలోనే ఎందుకు ప్రధానంగా కనిపిస్తుంది? ఐదారు వాక్యాల్లో రాయండి.

9.4 నాటింగ్‌హామ్: తొందరగా వచ్చిన జవాబు (1977–1983)

చరిత్ర విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఇది. సమస్య వైద్యులకు పూర్తిగా అనుభవంలోకి రాకముందే దానికి ఒక జవాబు సిద్ధంగా ఉంది. మాన్స్‌ఫీల్డ్ 1977లోనే 'ఎకో ప్లానార్' పద్ధతిని ప్రతిపాదించారు. వరసకొక స్పందన చొప్పున ఎదురుచూడకుండా, ఒకే ఉత్తేజం తర్వాత వరసలన్నిటినీ ఒక్క దమ్మున చదివేయడం దీని సారాంశం. చిత్రం సెకనులో చిన్న భాగంలో పూర్తవుతుంది. అంత తక్కువ వ్యవధిలో శ్వాస గురించి బెంగ అక్కర్లేదు.

1983లో నాటింగ్‌హామ్ బృందం 'లాన్సెట్' పత్రికలో పిల్లల వైద్యంలో తక్షణ చిత్రణ గురించి నివేదిక ప్రచురించింది. ఈ మెరుపు పద్ధతి తొలినాళ్లలోనే పిల్లల దగ్గరికి వెళ్లడం యాదృచ్ఛికం కాదు. 'కదలవద్దు' అన్న మాట ఎవరికి చెప్పినా ప్రయోజనం లేదో, వారికే ఈ పద్ధతి అవసరం.

మరి ఆ దారి వెంటనే ఎందుకు వ్యాపించలేదు? రెండు కారణాలు. మొదటిది యంత్రం. అంత వేగంగా అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ మార్చగల శక్తి నాటి ఆసుపత్రి పరికరాలకు లేదు. రెండోది నాణ్యత. వేగం కోసం వివరాన్ని వదులుకోవలసి వచ్చింది. నెమ్మదిగా తీసిన చిత్రాల స్పష్టతకు అలవాటుపడుతున్న వైద్యులకు అవి ముతకగా కనిపించాయి. ఫలితంగా 1980వ దశకంలో ప్రధాన స్రవంతి నెమ్మది పద్ధతులనే ఎంచుకొని, శ్వాసను అదుపు చేసే ఉపాయాలు వెతకసాగింది. అంటే సమస్య భారం యంత్రం మీద నుంచి రోగి మీదికి మారింది.

9.5 సర్దుబాటు, ఎంపిక, బిగబట్టడం (1985–1995)

ఈ దశలో మూడు ముఖ్యమైన ఉపాయాలు వచ్చాయి.

(అ) వరసలను సర్దడం: 1985లో ఇంగ్లండ్‌లో బెయిల్స్, బిడర్ తదితరులు ఒక తెలివైన పద్ధతి ప్రకటించారు. ఛాతీకి కట్టిన పట్టీ ద్వారా శ్వాస స్థితిని తెలుసుకొంటూ, ఏ స్థితిలో ఏ వరస సేకరించాలో క్రమం మార్చారు. దాంతో గణితం దృష్టిలో వేగంగా ఎగసిపడే ఛాతీ నెమ్మదిగా ఒకేవైపు కదిలినట్లు కనిపిస్తుంది, నీడబొమ్మలు తగ్గుతాయి. సమయం పెరగదు. అయితే అంచుల మసక పూర్తిగా పోదు.

(ఆ) ఎంపిక చేయడం: 1989లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన ఈమన్, ఫెల్మ్లీ 'నావిగేటర్' సంకేతాన్ని ప్రతిపాదించారు. ప్రధాన సమాచారంతోపాటు మధ్యమధ్యలో ఒక చిన్న సంకేతం తీసుకొని అవయవం ఎక్కడుందో చూడటం ఇందులోని సూత్రం. గుండె విషయంలో ఇది విభాజక పటలం స్థానాన్ని గమనించే పద్ధతిగా స్థిరపడింది. పటలం అనుకొన్న హద్దులో, సాధారణంగా 5 మి.మీ. లోపు, ఉంటేనే ఆ వరసను స్వీకరిస్తారు. లేకపోతే మళ్లీ సేకరిస్తారు. 1995లో వాంగ్, రీడరర్, ఈమన్ పెద్దవారిపై చేసిన కొలతల్లో పటలం కదిలినంతలో గుండె సగటున సుమారు 0.6 వంతు కదులుతుందని తేలింది. ఇది సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. పైగా సేకరించినదానిలో సగానికి పైగా పారవేయవలసి రావచ్చు కాబట్టి పరీక్ష సమయం పెరుగుతుంది. మధ్యలో బిడ్డ నిద్ర తీరు మారి శ్వాస మారితే హద్దును మళ్లీ నిర్ణయించుకోవాలి.

(ఇ) ఊపిరి బిగబట్టించడం: 1991లో అట్కిన్‌సన్, ఎడెల్‌మన్ ఒక్కో స్పందనలో ఒక్కటి కాక అనేక వరసలు సేకరించి, గుండె కదలికల చిత్రమాలికను ఒక్క ఊపిరి బిగింపులో పూర్తి చేయవచ్చని చూపారు. స్పందనకు 8 వరసలు తీస్తే 128 వరసలకు 16 స్పందనలు చాలు. పెద్దవారికి ఇది పావు నిమిషం పని. గుండె ఎం.ఆర్.ఐ. నిత్య వైద్యంలోకి రావడానికి ఈ మార్పు చాలా దోహదం చేసింది.

కాని ఈ మూడో ఉపాయం ఎవరిని ఉద్దేశించిందో ఆలోచించండి. ఊపిరి వదిలి, అదే స్థాయిలో బిగబట్టి, మళ్లీ మళ్లీ పది పన్నెండు సార్లు అలాగే చేయగలవారిని ఉద్దేశించింది. బడికి వెళ్లే వయసు పిల్లలకు ముందుగా సాధన చేయిస్తే కొందరు చేయగలరు. మూడేళ్ల బిడ్డ చేయలేదు. చేయగల పిల్లల్లోనూ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఊపిరి వదిలితే పక్కపక్క కోతల మధ్య గుండె స్థానం మారిపోతుంది. ఒక భాగం రెండు కోతల్లో కనిపిస్తుంది, మరో భాగం ఏ కోతలోనూ పడదు. పైగా పిల్లల గుండె వేగంగా కొట్టుకొంటుంది కాబట్టి, కదలిక స్పష్టంగా కనిపించాలంటే ఒక్కో స్పందనలో తీయగల వరసలు తగ్గుతాయి. పెద్దవారి కొలతకు కుట్టిన చొక్కా పిల్లలకు తొడిగినట్లయింది.

దీనికి చాలా చోట్ల అనుసరించిన సర్దుబాటు పద్ధతి ఒకటుంది. బిడ్డను మామూలుగా శ్వాసించనిచ్చి, ప్రతి వరసనూ మూడు నాలుగు సార్లు సేకరించి సగటు తీయడం. నీడబొమ్మలు పలచబడతాయి. ప్రతిగా సమయం పెరుగుతుంది, గుండె గోడల అంచులు మసకబారతాయి.

9.6 అంచు మసకబారితే ఏమవుతుంది?

'కాస్త మసక ఉంటే ఏం? గుండె కనిపిస్తోంది కదా!' అని మీకు అనిపించవచ్చు. ఒక సందర్భం తీసుకొందాం. ఫాలట్ చతుష్టయం అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బుకు చిన్నతనంలో శస్త్రచికిత్స చేసిన తర్వాత చాలామంది పిల్లల్లో పుపుస కవాటం సరిగా మూసుకోదు. ఊపిరితిత్తులకు వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి వస్తుంది. ఆ అదనపు భారంతో కుడి జఠరిక ఏళ్ల తరబడి పెద్దదవుతూ పోతుంది. ఏదో ఒక దశలో కొత్త కవాటం అమర్చాలి. మరీ ముందుగా అమర్చితే, ఆ కవాటం కొన్నేళ్లకు అరిగి మళ్లీ శస్త్రచికిత్స అవసరమవుతుంది. మరీ ఆలస్యం చేస్తే సాగిపోయిన జఠరిక తిరిగి మామూలు స్థితికి రాకపోవచ్చు.

ఈ నిర్ణయంలో వైద్యులు చూసే అంశాల్లో ఒకటి, వ్యాకోచ దశ చివర కుడి జఠరిక ఘనపరిమాణం. శరీర ఉపరితలం చదరపు మీటరుకు 150 నుంచి 160 మి.లీ. దాటడం ఒక హెచ్చరికగా వైద్య సాహిత్యంలో విస్తృతంగా చర్చకు వచ్చింది. ఆ సంఖ్య ఎలా వస్తుంది? గుండెను పై నుంచి కింది వరకు కోతలుగా చిత్రించి, ప్రతి కోతలో జఠరిక లోపలి అంచు వెంట గీత గీసి, వైశాల్యాన్ని మందంతో గుణించి, అన్నీ కూడతారు. గీత గీయవలసిన అంచు మసకగా ఉంటే ఒకరు కాస్త లోపలికి, మరొకరు కాస్త బయటికి గీస్తారు. చదరపు మీటరు ఉపరితలం ఉన్న ఒక బిడ్డను ఊహించుకోండి. 146 మి.లీ. అన్న కొలతకు, 154 మి.లీ. అన్న కొలతకు తేడా 8 మి.లీ., అంటే రెండు చెంచాలు కూడా లేదు. కాని ఆ రెండూ హద్దుకు చెరో వైపున ఉన్నాయి. వైద్యులు ఒక్క అంకెను బట్టే నిర్ణయించరన్నది నిజమే. లక్షణాలు, ఈ.సి.జి., వ్యాయామ సామర్థ్యం, అన్నీ చూస్తారు. అయినా ఏటా తీసే కొలతల్లో వచ్చిన మార్పు గుండెదా, ఆ రోజు శ్వాసదా అన్నది తేలకపోతే ఆ కొలతకు విలువ తగ్గుతుంది.

9.7 మత్తుమందు ప్రశ్న

చిన్నపిల్లలకు ఆసుపత్రులు సాధారణంగా ఎంచుకొన్న మార్గం మత్తుమందు. పూర్తి మత్తులో ఉన్న బిడ్డకు కృత్రిమ శ్వాస యంత్రాన్ని కొన్ని సెకన్లు ఆపి ఊపిరి బిగింపును సృష్టించవచ్చు. చిత్రాలు చక్కగా వస్తాయి. కాని దీనికి మూడు రకాల మూల్యం ఉంది. గుండె జబ్బు ఉన్న బిడ్డకు మత్తు ఇవ్వడమే జాగ్రత్తగా చేయవలసిన పని. రెండోది, కృత్రిమ శ్వాస యంత్రం గాలిని లోపలికి నెడుతుంది. సహజ శ్వాసలో ఛాతీ గాలిని లాక్కొంటుంది. ఛాతీలోని ఒత్తిడి మారితే గుండెకు తిరిగి వచ్చే రక్తమూ మారుతుంది. అంటే స్పష్టమైన చిత్రంలో మనం కొలిచింది ఆ బిడ్డ రోజువారీ రక్తప్రసరణను కాదు.

మూడోది మెదడు ఎదుగుదల గురించిన ఆందోళన. 2016 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. మూడేళ్లలోపు పిల్లల్లో మత్తుమందులను 3 గంటలకు మించిగాని, పదేపదేగాని వాడితే మెదడు ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చన్నది దాని సారాంశం. దీన్ని ఏకపక్షంగా చదవకూడదు. 2019లో 'లాన్సెట్'లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం, పసితనంలో ఒకసారి గంటలోపు మత్తు పొందిన పిల్లలకు, మెలకువగా ఉంచి ప్రాంతీయ మత్తు ఇచ్చిన పిల్లలకు మధ్య ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఒక చిన్న మత్తు గురించి తల్లిదండ్రులు భయపడనక్కర్లేదని అది ధైర్యం చెప్పింది. అయితే పుట్టుకతో గుండె జబ్బున్న బిడ్డకు పరీక్షలు, శస్త్రచికిత్సలు ఒకసారితో ఆగవు. తప్పించుకోగల ప్రతి మత్తునూ తప్పించాలన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

దీనికి ఒక సులువైన జవాబు ప్రయోగశాల నుంచి కాక ఊయల దగ్గర నుంచి వచ్చింది. నెలల బిడ్డకు కడుపునిండా పాలు పట్టి, మెత్తని గుడ్డలో ఒద్దికగా చుట్టి, చెవులకు శబ్దం తగలకుండా రక్షణ ఇచ్చి, నిద్రపోయాక యంత్రంలో పడుకోబెట్టడమే. గుండె పరీక్షకు ఈ పద్ధతి పనిచేస్తుందని కెనడాలోని టొరంటో వైద్యులు 2012లో ప్రచురించారు. మన అమ్మమ్మలకు ఇందులో కొత్తేమీ కనిపించదు. అయితే నిద్రపోయే బిడ్డ శ్వాసిస్తూనే ఉంటుంది. మత్తు తప్పింది గాని శ్వాస సమస్య తప్పలేదు. దాని భారం మళ్లీ యంత్రం వైపే వచ్చింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2: 'చిత్రం స్పష్టంగా ఉంటే కొలత సరైనదే' అనే వాదాన్ని కృత్రిమ శ్వాస ఉదాహరణతో పరిశీలించండి.

9.8 యంత్రం భారం మోసిన దశ (1999–2019)

1999లో జ్యూరిచ్‌లో ప్రూస్‌మన్ బృందం 'సెన్స్' పద్ధతిని ప్రకటించింది. శరీరం చుట్టూ అమర్చిన అనేక గ్రాహక తీగచుట్టలు ఒక్కోటి ఒక్కో కోణం నుంచి సంకేతాన్ని వింటాయి. ఆ తేడాలను వాడుకొంటే సేకరించవలసిన వరసలు తగ్గుతాయి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో లస్టిగ్, డోనహో, పౌలీ మరో అడుగు వేశారు. చిత్రాల్లో పునరుక్తి ఎక్కువ కాబట్టి తగిన విధంగా ఎంచుకొన్న కొద్ది వరసల నుంచే పూర్తి చిత్రాన్ని గణితంతో పునర్నిర్మించవచ్చని చూపారు. 2010లో అక్కడి వసనవాలా బృందం దీన్ని పిల్లల చిత్రణకు అన్వయించింది. పిల్లల వైద్యం ఇక్కడ కొత్త పద్ధతికి తొలి పరీక్షాస్థలాల్లో ఒకటయింది. నాటింగ్‌హామ్ ఘట్టం మీకు గుర్తుకు రావాలి.

అదే 2010లో జర్మనీలోని గోటింగెన్‌లో యెన్స్ ఫ్రామ్ బృందం సుమారు 20 మిల్లీసెకన్లకు ఒక చిత్రం చొప్పున తీయగల పద్ధతిని ప్రచురించింది. ఊపిరి బిగించనక్కర్లేదు, ఈ.సి.జి. కూడా అక్కర్లేదు. ఏడేళ్లు తక్కువగా నాలుగు దశాబ్దాల క్రితం మాన్స్‌ఫీల్డ్ కోరుకొన్నది ఇదే. ఆలోచన అదే కాదు గాని ఆశయం అదే. మధ్యలో మారింది గ్రాహకాలు, గణితం, గణక యంత్రాల శక్తి.

2019లో లండన్‌లో హాప్ట్‌మన్, ముత్తురంగు, స్టీడెన్ తదితరులు పుట్టుకతో గుండె జబ్బున్నవారి తక్షణ చిత్రాల్లోని దోషాలను తొలగించడానికి యంత్ర అభ్యసనాన్ని వాడి చూపారు. ఎక్కువ సమయం తీసుకొనే గణన వేగవంతం కావడానికి ఇది దారి వేసింది. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. నేర్చుకొనే యంత్రం తాను చూసిన గుండెల ఆధారంగా చూడనిదాన్ని పూరిస్తుంది. పుట్టుకతో లోపమున్న గుండెలు ఒకదానిలా ఒకటి ఉండవు. అలవాటైన ఆకారాన్ని లేనిచోట చూపిస్తే ఆ తప్పు నీడబొమ్మలా కంటికి కనిపించదు, నిజమైన చిత్రంలాగే కనిపిస్తుంది. పాత దోషం వికారంగా ఉండేది కాబట్టి వైద్యుడు గుర్తుపట్టేవాడు. కొత్త దోషం అందంగా ఉండవచ్చు.

9.9 దోషం నుంచి సమాచారం వైపు

ఇప్పుడు 1951 నాటి సూర్యన్ పరిశీలన దగ్గరికి తిరిగి వద్దాం. కదలిక సంకేతాన్ని చెడగొడుతుంది అనవచ్చు. కదలికను సంకేతం మనకు తెలియజేస్తుంది అని కూడా అనవచ్చు. చాలాకాలం గుండె చిత్రణలో శ్వాసను మొదటి చూపుతోనే చూశారు.

ఫ్రాన్స్‌లోని బోర్డోకు చెందిన ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1971లో ప్రచురించిన శస్త్రచికిత్స ఈ చూపును సవాలు చేస్తుంది. పనిచేసే జఠరిక ఒక్కటే ఉన్న పిల్లల్లో, శరీరం నుంచి వచ్చే చెడు రక్తాన్ని గుండె పంపు సాయం లేకుండా నేరుగా పుపుస ధమనుల్లోకి మళ్లించడం దీని ముఖ్య ఆలోచన. అలాంటి బిడ్డలో ఊపిరితిత్తులకు రక్తం చేరడానికి శ్వాస తోడ్పడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి రక్తం లోపలికి లాగబడుతుంది, ప్రవాహం పెరుగుతుంది. వదిలినప్పుడు తగ్గుతుంది. ఈ బిడ్డను ఊపిరి బిగబట్టమని కొలిస్తే, రక్తప్రసరణలో ఒక ముఖ్య భాగాన్ని ఆపేసి కొలిచినట్లే. ఎం.ఆర్.ఐ.లో తక్షణ చిత్రణ పద్ధతులు శ్వాసతోపాటు మారే ఈ ప్రవాహాన్ని నేరుగా చూడటానికి వీలు కల్పించాయి.

2016లో న్యూయార్క్‌లో ఫెంగ్, ఒటాజో తదితరులు ప్రచురించిన పద్ధతి ఇదే ఆలోచనను గణితంలోకి తెచ్చింది. బిడ్డను గాని పెద్దను గాని మామూలుగా శ్వాసించనిస్తూ నిరంతరం సమాచారం సేకరిస్తారు. ఆ సమాచారంలోనే దాగి ఉన్న శ్వాస సంకేతాన్ని వెలికి తీస్తారు. తర్వాత వరసలను శ్వాస స్థితుల వారీగా విడదీసి, ఒక్కో స్థితికి ఒక్కో చిత్రమాలిక తయారు చేస్తారు. ఏ వరసనూ పారవేయరు. నావిగేటర్ పద్ధతి పారవేసినదాన్ని ఇది వేరే గదిలో భద్రపరుస్తుంది.

9.10 సారాంశం

ఈ చరిత్రను మూడు మాటల్లో గుర్తుంచుకోవచ్చు. మొదటిది, సాంకేతిక చరిత్ర తిన్నని రోడ్డు కాదు. 1977లో వచ్చిన ఆలోచన పక్కకు జరిగి, 2010లో మరో రూపంలో తిరిగి వచ్చింది. పక్కకు జరగడం అంటే ఓడిపోవడం కాదు. రెండోది, ప్రతి పద్ధతిలోనూ ఒక ఊహా రోగి ఉంటాడు. ఊపిరి బిగబట్టే పద్ధతిలోని ఊహా రోగి పెద్దవాడు, చెప్పిన మాట వినేవాడు. ఆ ఊహలో ఇమడనివారు మత్తుమందు రూపంలో మూల్యం చెల్లించారు. మూడోది, 'దోషం' అన్న మాట శాశ్వతం కాదు. ఒక తరం వదిలించుకోవాలనుకొన్న శ్వాసే మరో తరానికి కొలవవలసిన విషయమైంది.

పాఠం మొదట్లో మీరు లెక్కపెట్టిన శ్వాసలు ఎన్ని? ఆ సంఖ్య పక్కన 2 నిమిషాల కాలాన్ని పెట్టి, పాత పద్ధతిలో ఆ బిడ్డ చిత్రం ఎలా ఉండేదో ఊహించండి. ఆ బిడ్డ నిద్ర చెడకుండా, ఊపిరి ఆగకుండా నమ్మదగిన కొలత ఇవ్వడమే ఈ పనంతటి లక్ష్యం. అది ఇంకా పూర్తి కాలేదు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. గుండె ఎం.ఆర్.ఐ.లో శ్వాస కదలికను ఎదుర్కోవడానికి 1985–1995 మధ్య వచ్చిన పద్ధతులను వివరించి, పిల్లల విషయంలో వాటి పరిమితులను చర్చించండి.
2. ఎకో ప్లానార్ పద్ధతి చరిత్ర ఆధారంగా 'సాంకేతిక ప్రగతి ఏకరేఖీయమైనది' అనే భావనను పరీక్షించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ఫాలట్ చతుష్టయం విషయంలో కొలత కచ్చితత్వానికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
2. ఫాంటాన్ రక్తప్రసరణలో శ్వాస పాత్రను వివరించండి.
3. యంత్ర అభ్యసనం వల్ల రాగల దోషం పాత నీడబొమ్మల కంటే ఏ విధంగా భిన్నమైనది?